సగం తగ్గినవాడికి ఏ రొట్టె?

నడుముకి ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత కూడా కాలు లాగుతూ ఉండే భాగ్యం అందరికీ దొరకదు. దొరికినవాళ్ళు దాని విలువ గుర్తించరు. ఊరికే మూలుగుతారు, మాత్రలు మింగుతారు, గోడ పట్టుకుని లేస్తారు. ఏం మనుషులండీ! ఇంటికొచ్చిన లక్ష్మిని గుమ్మంలో నిలబెట్టి విసుక్కుంటారా ఎవరైనా?

నా సంగతి వినండి. నా పేరు హజరత్తయ్య. మాది మనుబోలు పక్క పల్లె. వరి పండిస్తాను. పండనప్పుడు ఇలా పత్రికలకి రాస్తాను. కిందటేడు వడ్ల బస్తా ఎత్తబోతే నడుములో డిస్క్ పక్కకి జరిగి నరం మీద కూర్చుంది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. డిస్క్ లేచిపోయింది గాని, నరానికి ఆ విషయం ఇంకా తెలిసినట్టు లేదు.

ఉన్నట్టుండి ఎడమ పిరుదు నుంచి మడమ దాకా కరెంటు కొడుతుంది. వేళ్ళు మొద్దుబారి ఉంటాయి. పాదం మీద చీమలు పాకుతుంటాయి, వంగి చూద్దామంటే వంగలేను, ఎవరినైనా చూడమంటే చీమ ఉండదు. దీన్ని డాక్టర్లు నరాల నొప్పి అంటారు. నేను వరం అంటాను. ఊరికే అనడం లేదు, కారణాలున్నాయి.

మొదటిది వాతావరణం. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని టీవీ వాళ్ళు చెప్పేలోపే నా ఎడమ పిక్కకి కబురు అందుతుంది. కోతల కాలంలో రోడ్డు పక్కన వడ్లు ఆరబోసినవాళ్ళు తెల్లారేసరికి మా అరుగు మీద ఉంటారు. కాలు ఎట్టుండాదని అడుగుతారు. నా మీద ప్రేమ అనుకునేరు! లాగుతోందంటే పరుగెత్తుకెళ్ళి వడ్ల మీద పట్టలు కప్పుతారు. లాగడం లేదంటే మొహాలు వెలిగిపోతాయి. ఏ శాటిలైటుకైనా ఇంత గౌరవం ఉందా?

ఇక వంగడం. "ముందుకి వంగకూడదు" అని డాక్టరు చేత రాయించుకున్న మనిషి మా మండలంలో నేనొక్కణ్ణే. మొన్న ఒక నాయకుడు ఊరికొస్తే అందరూ వరసగా పాదాల మీద పడ్డారు. నేను నిటారుగా నిలబడి నమస్కారం పెట్టాను. ఆయన నన్ను ఎదుటి పార్టీ వాడనుకుని వెళ్ళేటప్పుడు ప్రత్యేకంగా భుజం తట్టి, ఏమైనా పనుంటే చెప్పమన్నాడు. వెన్నెముక నిటారుగా ఉంటే ఇన్ని లాభాలని ముందే తెలిస్తే ఎప్పుడో ఆపరేషన్ చేయించుకునేవాణ్ణి.

నరాల మాత్ర గురించి కూడా చెప్పాలి. అది నొప్పిని తగ్గించదు. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా తెప్పిస్తుంది. ఎవరో ఒకరు పరామర్శకి వచ్చి, "ఆపరేషన్ దాకా ఎందుకు పోనిచ్చినావు, నాకు ముందే చెప్పి ఉంటే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించి ఉందును" అని మొదలుపెట్టేసరికి నా కళ్ళు మూతలు పడతాయి. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి గదా, నరానికి కాదు గదా అని వాదించాల్సిన పనే లేదు. నేను లేచేసరికి వాళ్ళు కాఫీ తాగి, ఉత్తరేణి ఆకు నూరి పట్టించమని మా ఆవిడకి చెప్పి వెళ్ళిపోయి ఉంటారు.

చెప్పుల విషయమూ అంతే. ఎడమ పాదానికి స్పర్శ తక్కువ కాబట్టి చెప్పు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. ఒంటి చెప్పుతో ఇంటికొస్తాను. ఊళ్ళో నా ఎడమ చెప్పు దొరకని సందు లేదు. పిల్లలు తెచ్చిస్తుంటారు. జనంతో సంబంధాలు పెంచుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం ఉంటే చెప్పండి.

ఇన్ని లాభాలున్న నా నొప్పికి ఒకే ఒక్క శత్రువు ఉన్నాడు. మా బావ నరేంద్రబాబు.

మా ఆవిడ కామాక్షికి సొంత అన్న. కావలిలో ఎరువుల కొట్టు. మనిషి బంగారం, అందులో సందేహం లేదు. ఆపరేషన్ రోజుల్లో నా కోసం ఆస్పత్రి వరండాలో చాప పరుచుకుని పడుకున్నాడు. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుగారు నా నడుము స్కానింగ్ ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి, చూడండి ఎంత శుభ్రంగా ఉందో, ఆపరేషన్ సక్సెస్, అయితే నరం కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది, ఓపిక పట్టండి అన్నారు. మా బావ సక్సెస్ దాకా విన్నాడు. అక్కడ లేచి డాక్టరుగారికి చెయ్యి ఊపి, స్వీట్లు తేవడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మా బంధువులందరికీ ఫిల్మే ప్రమాణం. ఫిల్మ్‌లో నొప్పి లేదు, కాబట్టి నాలో నొప్పి లేదు. ఫిల్మ్ బాగుంది, నేను బాగాలేనంటే, అంత ఖరీదైన మిషన్ అబద్ధం చెబుతుందా అంటారు. చెయ్యి విరిగితే తెల్లటి కట్టు ఉంటుంది, చూసినవాళ్ళు అయ్యో అంటారు. నా కుట్లు చొక్కా కింద. నా నొప్పి చర్మం కింద. చూపించమంటే ఏం చూపించను?

పైగా నా మీద సాక్ష్యాలు పోగుపడ్డాయి. ఒక మంచి రోజున టీ కొట్టు దాకా తిన్నగా నడిచాను. అది మా ఎదురింటి రాఘవమ్మ చూసింది. మర్నాడు కదల్లేక పడుకుంటే, నిన్న సుబ్బరంగా నడిచినాడే అని వీధిలో ఆశ్చర్యపోయింది. నరాల నొప్పి ఉన్నవాడు ఒకరోజు బాగుంటే మర్నాడు బాగుండకపోవడం మా ఊళ్ళో చట్టరీత్యా నేరం.

మా బావ కారులో ఎక్కడికైనా వెళ్ళామంటే ఇక నా పుణ్యం పండినట్టే. సక్సెస్ అయిన నడుముకి స్పీడ్ బ్రేకర్ ఒక లెక్కా? ఎగిరి దూకిస్తాడు. నేను అమ్మా అంటే, "అంతా మనసులో ఉండాది బావా, అనుకోబాక" అంటాడు. నొప్పి మనసులో ఉంటే మరి మడమ ఎందుకు మండుతోందని అడగను. అడిగితే యోగా నేర్పుతాడు.

మీరొకటి గమనించారా? వాన వస్తుందని నా కాలు చెబితే ఊరంతా నమ్ముతుంది. నొప్పిగా ఉందని అదే కాలు చెబితే ఒక్కరూ నమ్మరు.

అయినా వరం వరమే. నేను నా వాదన వదులుకోను. అసలు చిక్కు రొట్టెల పండగతో వచ్చింది.

నెల్లూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. మొహర్రం రోజుల్లో దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కులం మతం ఎవరూ అడగరు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంతిల్లు రొట్టె, ఆఖరికి వీసా రొట్టె కూడా ఉంది. కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె తీసుకుని తింటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ ఏడు వచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ళకి రొట్టె ఇస్తారు. నా పేరు కూడా అలాంటి దర్గా మొక్కు వల్ల వచ్చిందే. కాబట్టి ఇందులో మా ఇంటివాళ్ళు ఆటలాడరు.

కిందటేడు ఆపరేషన్‌కి ముందు కామాక్షి నా కోసం ఆరోగ్య రొట్టె తీసుకుంది. మరి ఈ ఏడు చెరువులో దిగి ఇవ్వాలా, మళ్ళీ తీసుకోవాలా?

దీని మీద మా ఇంట్లో నడిచిన చర్చ అసెంబ్లీలో కూడా నడవదు. ఆపరేషన్ సక్సెస్ గదా, ఇయ్యాల్సిందే అన్నాడు బావ. కోరిక తీరినాక ఇయ్యకపోతే మంచిది కాదని రాఘవమ్మ భయపెట్టింది. రోజూ పొద్దున నేను తలుపు రెక్క పట్టుకుని పైకి లేవడం చూసే మనిషి కామాక్షి ఒక్కతే. చివరికి రొట్టె కాలుస్తూ నన్నే అడిగింది.

"నువ్వే చెప్పయ్యా. ఇయ్యాల్నా, తీసుకోవాల్నా?"

ఇచ్చెయ్ అన్నాను. అనేశాక భయం వేసింది. ఎందుకో చెప్పనా? ఆ రొట్టె ఒకసారి చేతులు మారిందంటే హజరత్తయ్యకి తగ్గిపోయినట్టు ఊరి ముందు తీర్మానం అయిపోతుంది. ఆ తర్వాత ఈ జన్మలో నేను అబ్బా అనడానికి వీల్లేదు. అంటే భార్య మొక్కుని అబద్ధం చేసినవాణ్ణవుతాను. నా నొప్పి నాకే ఉంటుంది, దాని పేరెత్తే హక్కు మాత్రం పోతుంది.

సరే, వెళ్ళాం. చెరువు గట్టంతా జనం. తలల మీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళు, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న మగవాళ్ళు, ఎవరి రొట్టె పేరు వాళ్ళు పిలుస్తున్నారు. బావ నా చెయ్యి పట్టుకుని మెట్ల మీద నుంచి నీళ్ళలోకి దించాడు. ఎడమ పాదానికి నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో తెలియలేదు. కామాక్షి పక్కన నిలబడి, ఆరోగ్య రొట్టె అని మెల్లిగా పిలిచింది.

కోవూరు వైపు నుంచి వచ్చినామంటూ ఒక చిన్న వయసు అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. వాళ్ళాయన గట్టు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒక పక్క పిరుదు మీద బరువు మోపి, రెండో కాలు బార చాపి, ఒక అరచెయ్యి మెట్టుకి ఆనించి. ఆ కూర్చోవడం నాకు తెలుసు. నేనూ అలాగే కూర్చుంటాను. ఆయనకీ నడుం ఆపరేషనే అయిందట, అంతా బాగుందన్నారట, అయినా పనిలోకి పోలేకపోతున్నాడట. అత్తగారింట్లో అందరూ నాటకాలంటున్నారని చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, నీకు పూర్తిగా తగ్గిందా?"

సమాధానం కోసం నా మొహం వైపు చూస్తూ నిలబడింది. ఇన్ని నెలల్లో నన్ను ఆ మాట అడిగి, జవాబు కోసం ఆగిన మనిషి ఆ అమ్మాయే. నా పక్కన బావ గొంతు సవరించుకున్నాడు. సక్సెస్ అనబోతున్నాడని అర్థమైంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"లేదమ్మా," అన్నాను. "ముందుకంటే మేలు. నొప్పి ఇంకా ఉండాది. మీ ఆయన నాటకం ఆడేది లేదు."

ఆ అమ్మాయి దిగులుపడుతుందనుకున్నాను. పడలేదు. వెనక్కి తిరిగి గట్టు మీద ఉన్న మొగుడి వైపు చూసింది. ఇంతలో నాకు కామాక్షి గుర్తొచ్చింది. ఇవ్వడానికని తెచ్చిన రొట్టె చేతిలో ఉండగానే, చెరువు మధ్యలో నిలబడి ఆమె మొక్కుని పాడుచేశాను. ఆమె వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

కామాక్షి రొట్టెని రెండుగా తుంచింది. ఒక ముక్క ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. రెండోది కొంగులో కట్టుకుంది.

"సగమే గదా తగ్గింది. సగమే ఇస్తా. మిగిలింది వచ్చేయేడు," అంది.

ఇన్నాళ్ళుగా డాక్టరుగారికీ, మా బావకీ, మీకూ నేను చెప్పలేకపోయిన మెడికల్ రిపోర్టు అది. ఇప్పుడు చెబుతున్నాను వినండి. మన లోకంలో ఉన్నవి రెండే రొట్టెలు. జబ్బు పడినవాడిదొకటి, బాగుపడినవాడిదొకటి. ఈ రెంటికీ మధ్య నీళ్ళలో ఏళ్ళతరబడి నిలబడి ఉన్నవాడికి ఏ రొట్టే లేదు. వీసాకి ఉన్నప్పుడు మాకుండకూడదా? నొప్పి తగ్గించమని అడగడం లేదు, అది నరం చూసుకుంటుంది. నొప్పిగా ఉందంటే నమ్మే రొట్టె ఒకటి కావాలి.

తిరుగు ప్రయాణం బావ కారులోనే. వెంకటాచలం దాటాక మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అలవాటు ప్రకారం నేను సీటు అంచు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కారు ఎగరలేదు. కళ్ళు తెరిచి చూస్తే బావ బండిని దాదాపు ఆపేసి, ముందు చక్రాల్ని మెల్లిగా ఎక్కించి, మెల్లిగా దించి, అద్దంలో నా వైపు చూస్తున్నాడు. వెనక ఆటోవాడు ఆగకుండా హారన్ కొడుతున్నాడు.

"ఎట్టుండాది బావా?" అని అడిగాడు.

మడమ మండుతోందని చెప్పాను. సరేనని తల ఊపి, వెనక చక్రాలు కూడా అంత మెల్లిగానే దాటించాడు.