పొడపత్రి నమిలిన పూట

మార్టూరులో పెళ్లివంటల మాస్టరు మీరావలి ఆ ఉదయం రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, గ్రానైట్ పాలిషింగ్ చేయించే హయాత్ గారి అమ్మాయి పెళ్లికి నాలుగు వందల మందికి బిర్యానీ, సేమ్యా పాయసం వండడం. రెండు, షుగరుకి పొడపత్రి ఆకు పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం. కిందటి వారమే రక్తపరీక్షలో మూడు వందల పన్నెండు వచ్చింది.

"నలభై రోజులు వాడి మళ్లీ పరీక్ష చేయిద్దాం. మాత్రలు మాత్రం మానొద్దు," అంటూ భార్య ఖాదర్‌బీ గుప్పెడు ఆకు చేతిలో పెట్టింది. పొయ్యిల దగ్గర నిలబడి అతను దాన్ని శ్రద్ధగా నమిలాడు.

పాయసం రుచి చూస్తే చప్పగా ఉంది. పంచదార పోయించాడు. ఇంకా చప్పనే. బిర్యానీలో ఉప్పు బాగానే తెలుస్తోంది కాబట్టి తప్పు పంచదారదేనని తేల్చేశాడు. దించేదాకా మాస్టరు తప్ప ఎవరూ రుచి చూడకూడదన్నది అతను పెట్టిన నియమమే. ఇరవై ఏళ్లుగా దాని పేరు చెప్పుకుని గిన్నెలకు గిన్నెలు పాయసం లాగిస్తున్నాడు. ఆ నియమం వల్ల, చప్పగా లేదని చెప్పే నోరు అక్కడ లేదు.

కిరాణా కొట్టు చెంచురామయ్యను పిలిపించాడు. "పంచదారలో ఏం కలిపావయ్యా?"

చెంచురామయ్య బస్తాలోంచి పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. "తియ్యగానే ఉందిగా."

"సరుకు నీది. చేదంటావా?"

చెంచురామయ్య ఉక్రోషంతో కొత్త బస్తా పంపించాడు. అందులోదీ నాలుక మీద ఇసుకలాగే ఉంది. సగం బస్తా పాయసంలోకి పోయాక మీరావలికి నిజంగా భయం వేసింది. ఇదే జబ్బు వాళ్ల నాన్నవి రెండు కాలివేళ్లు తీసుకుంది. తన నాలుకే తీసేసుకుందనుకున్నాడు. నాలుక పోయిన మాస్టరుని ఇక ఎవరు పిలుస్తారు? మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం వడ్డనలో పెళ్లివారు ఒక్క చెంచా తిని కప్పులు పక్కకు నెట్టేశారు. హయాత్ గారు ఒక కప్పు తెచ్చి ముందు పెట్టారు. "మాస్టరూ, ఇది మీరే తినండి."

తిన్నాడు. తీపికి దవడలు పట్టేశాయి. "అల్లా దయ, నా నాలుక ఉంది," అంటూ ఆయన్ని వాటేసుకున్నాడు. హయాత్ గారు మాత్రం వాటేసుకోలేదు.

సంగతి విని ఖాదర్‌బీ నెమ్మదిగా చెప్పింది. "అది నమిలితే కాసేపు తీపి తెలీదండి. మీరు గిన్నెలు ఖాళీ చేయకుండా ఉంటారనే ఇచ్చాను."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే నమిలేవారా?"

ఆ గిన్నెల సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసని అతనికి అప్పుడు అర్థమై సిగ్గేసింది.

మర్నాటినుంచి ఆకు ముట్టలేదు. పాయసం వండమని అడిగినవాళ్లూ లేరు. బిర్యానీకి అతన్ని పిలిచి, తీపి పని ఇంకొకరికి అప్పగించేవారు. నలభై రోజులకు పరీక్ష చేయిస్తే నూట అరవై వచ్చింది. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, "మాత్రలు కాకుండా ఇంకేం వాడారు?" అని అడిగాడు.

"ఒక్కరోజు ఆకండి," అన్నాడు మీరావలి. "మిగతా ముప్పై తొమ్మిది రోజులూ అవమానం."