వాయసమూర్తి మీద దొంగ కేసు

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గట్టు కోర్టూ పెద్దదే ఉండేది. అందులో వాయసమూర్తి అనే కాకి ప్లీడరు. నల్లకోటు కుట్టించుకునే పని దేవుడే తప్పించాడు. చట్టం అంతంతమాత్రమే గానీ, వాయిదా అడగడంలో అతన్ని మించినవాడు లేడు.

చెవులమ్మ అనే కుందేలు బొరియని ఓ అడవిపంది ఆక్రమించింది. చెవులమ్మ కోర్టుకెక్కింది. పంది తరఫున మన కాకే. ఇక చూస్కోండి, వాయిదాలే వాయిదాలు. పాపం, ఆమె పిల్లల్ని ముళ్ళపొద కింద పెట్టుకుని, వానలొస్తే వీళ్ళ గతేమిటని ఒకటే ఏడుపు.

ఇంతలో పెద్దల సభలో ఓ ముసలి ఏనుగు పోయింది. మిగిలిన గడువుకి, అంటే తొలి వాన పడేదాకా, ఆ సీటు కాకికి దక్కింది. సభ్యుడిగా ఉన్నన్నాళ్ళూ కోర్టులో నోరు విప్పనని ప్రమాణం చేయించారు. ప్రమాణం చేసేటప్పుడు ఎవరైనా వింటారా? కాకీ వినలేదు.

సీటు మెత్తగా ఉంది. దారి పొడుగునా దండాలు. మబ్బు కనిపిస్తే చాలు, వాయసమూర్తి గుండె గుభేలుమనేది. బుర్ర బద్దలు కొట్టుకుని ఓ బిల్లు పెట్టాడు.

"సభ్యుడి మీద కేసు ఉంటే, అది తేలేదాకా అతను సీటు దిగకూడదు. తప్పు చేసి జారుకుంటే ఊరుకుంటామా?"

"భేష్!" అంది అడవిదున్న. ఎలుగుబంటి గుర్రు పెట్టింది. దాన్నీ మద్దతు కింద జమ వేసుకున్నారు.

కాకి తిన్నగా చెవులమ్మ దగ్గర వాలాడు.

"నా మీద ఓ కేసు వెయ్యవమ్మా."

"మీ మీదా! ఏమనండీ?"

"పందితో కుమ్మక్కై, కావాలని వాయిదాలడిగి నీ పిల్లల ఉసురు పోసుకుంటున్నానని. ఉత్తుత్తి దొంగ కేసేలే. దాన్ని నేను సాగదీసుకుంటా. బదులుగా నీ బొరియ సంగతి చూస్తా."

"ఇది దొంగ కేసాండీ?" అంది చెవులమ్మ. వెళ్ళి వేసేసింది.

విచారణ రోజున ఆకాశం నల్లబడింది. తాబేలు జడ్జి బొరియ కేసునీ దీన్నీ కలిపి పిలవగానే కాకి ఠీవిగా లేచాడు.

"అయ్యా, వాయిదా..."

"కూర్చోండి. సభ్యులు ఇక్కడ నోరు విప్పకూడదు. ప్రమాణం చేశారుగా!"

తెరిచిన ముక్కు తెరిచినట్టే ఉండిపోయింది. కాకి పందిని చూశాడు. పంది కాకిని చూసింది. దానికి వేరే ప్లీడరు లేడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు జడ్జి.

"బొరియ మా అమ్మ తవ్వింది బాబూ. ఆ పందికి అందులో మూతైనా పట్టదు, ఊరికే దాని మీద పడుకుంటుంది. కోర్టుకొచ్చినప్పుడల్లా ఈ ప్లీడరుగారికి ఓసారి జలుబు, ఓసారి ఎవరింట్లోనో తద్దినం భోజనం. మొన్న ఈదురుగాలికే నా చిన్నది వణికిపోయింది."

మధ్యాహ్నం కాకుండానే తీర్పు వచ్చేసింది. బొరియ చెవులమ్మది. వాయసమూర్తి ఇక కోర్టు గడప తొక్కకూడదు.

"అందరూ నాది నత్తనడక అంటారు," అన్నాడు తాబేలు ఆశ్చర్యంగా. "వాయిదా అడిగేవాడు లేకపోతే నేనింత వేగమని నాకే తెలీదు!"

కేసు తేలింది. బయట వానా మొదలైంది. సభ పోయింది, కోర్టూ పోయింది. తడిసి ముద్దైన కాకి, పిల్లల్ని బొరియలోకి తోలుతున్న చెవులమ్మ మీద మండిపడ్డాడు.

"దొంగ కేసు వెయ్యమంటే నిజం చెబుతావా?"

"మీరు చెప్పమన్నదే చెప్పానండీ," అంటూ ఆమె లోపలికి దూరింది.

ఇంతకీ నీతి: మన మీద మనమే దొంగ కేసు వేయించుకోవాలంటే, ముందు కొన్నాళ్ళు నిజాయితీగా బతికి ఉండాలి.