వెన్నరంగు తెర

ఆ సోమవారం పొద్దున సాగిన్‌బెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారికి మీగడ వేసిన టీ ఇవ్వాలి, ఆవిడ మనసు మెత్తబడిన క్షణం చూసి ఇల్లు మారడానికి ఒక మంచిరోజు చెప్పించుకోవాలి. అందుకని ఆఫీసుకు సెలవు కూడా పెట్టాడు. బిష్కెక్ శివార్లలో కొత్తగా లేచిన మేడలో రెండు గదుల ఇల్లు అద్దెకు మాట్లాడి చాలా రోజులైంది. తాళంచెవి జేబులోనే ఉంది. కానీ పెట్టే బేడా కదలాలంటే నక్షత్రాలు ఒప్పుకోవాలి, నక్షత్రాలు ఒప్పుకోవాలంటే అత్తగారు ఒప్పుకోవాలి.

పెళ్లయిన నాటినుంచి సాగిన్ అత్తవారింట్లోనే ఉంటున్నాడు. ఇల్లరికం ఉన్నవాణ్ణి మావైపు కుక్కపిల్ల అల్లుడంటారు. ఆ మాట ఎవరూ మొహం మీద అనరు. అనకుండా నవ్వుతారు, ఆ నవ్వు ఇంకా కొరుకుతుంది. విందుల్లో మాంసం పంచేటప్పుడు అతని వంతుకు ఏ ఎముక వస్తుందో చూసి పెద్దవాళ్లు మీసాల చాటున ముసిముసిగా నవ్వుకుంటారు. సాగిన్‌కు మేడలు, మిద్దెలు అక్కర్లేదు. తన గుమ్మంలో తన చెప్పులు ముందు వరసలో ఉండాలి, అంతే అతని కోరిక.

అత్తగారి పేరు బురుల్చా. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేది. బడిలో జీతాలు ఆగిపోయిన రోజుల్లో జ్యామితిని నేలమీద నుంచి ఆకాశానికి ఎత్తి జ్యోతిష్కురాలైంది. అక్కడ జీతాలు ఆగలేదు. జాతకాలు కంప్యూటర్లోనే వేస్తుంది గాని, ఆవిడ పట్టింపులు ఆవిడవే. చక్రాన్ని పన్నెండు భావాలుగా విభజించడం ప్లాసిడస్ పద్ధతిలోనే ఉండాలి. రాహువుకు నిజస్థానమే తీసుకోవాలి, సగటు స్థానం పనికిరాదు. సగటు రాహువు సగటు మనుషులకు సరిపోతాడని ఆవిడ అభిప్రాయం. రైల్వే ఆసుపత్రిలో పుట్టినవాళ్ల సమయానికి మూడు గంటలు కలపాలి, ఎందుకంటే ఆ రోజుల్లో అక్కడి గోడగడియారం మాస్కో టైము చూపించేది. అన్నిటికన్నా ముఖ్యం రంగులు. గ్రహాల మధ్య మంచి చూపు నీలిగీత, చెడ్డచూపు ఎర్రగీత. నల్లచంద్రుడని ఒకటుంది, దాని గీత నలుపు. “నీలం దారి, ఎరుపు చెమట, నలుపు గొయ్యి,” అని వచ్చినవాళ్లందరికీ ఎక్కం చెప్పినట్టు చెబుతుంది. సాగిన్ జాతకంలో చెమట తప్ప దారి లేదు. అందుకే ఎప్పుడడిగినా మంచిరోజు దొరకలేదు.

ఆ పొద్దున ఆవిడ టీ ముట్టకుండా కళ్లు నులుముకుంటూ కూర్చుంది. తెర తెల్లగా పొడుస్తోందట. అల్లుడికి ఇంతకన్నా మంచి అదను ఏం దొరుకుతుంది? సాగిన్ చటుక్కున మౌస్ అందుకుని, తెర అమరికల్లోకి వెళ్లి, రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండే కాంతిని వెలిగించాడు. దాని మోతాదు ఎంత ఉండాలో చెప్పే గీటును, పుణ్యానికి పోయి, చివరిదాకా తోశాడు. మంచులా ఉన్న తెర వెన్నరంగులోకి తిరిగింది. బురుల్చా కళ్లు తెరిచి చూసి, “నీకు చదువు అబ్బలేదనుకున్నాను గానీ, అబ్బింది,” అంది. అతని కాపురంలో అత్తగారి నోట వచ్చిన మొదటి మెప్పు అది. సాగిన్ ఇంకో కప్పు టీ పోశాడు.

ముందుగా తోక్తోసున్ వచ్చాడు. పిడికిళ్లు రొట్టెముద్దల్లా ఉండే వంటవాడు, శుక్రవారం సొంత భోజనశాల తెరుస్తున్నాడు. గొర్రెలు కూడా కొనేశాడు. జాతకం బాగుందని అందరూ అనగా విన్నాడు, బురుల్ అక్క నోటితో ఒకసారి వింటే చాలని వచ్చాడు. బురుల్చా తెర వంక చూసింది, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూసింది. చక్రం నిండా నల్లగీతలు. శుక్రవారం కాదు కదా, ఈ చలికాలమంతా పొయ్యి వెలిగించొద్దని చెప్పేసింది. ఆ తర్వాత కొడుకు ఉద్యోగం గురించి ఒకావిడ వచ్చింది, అక్కడా నలుపే. ఆ పొద్దున వచ్చినవాళ్లలో ఎవరికి అదృష్టవంతులని పేరుందో వాళ్ల చక్రాలే కుంపట్లో బొగ్గుల్లా ఉన్నాయి. ఆకాశానికి ఏదో జబ్బు చేసిందని బురుల్చా తేల్చింది.

ఆ దిగులులోనే అల్లుడి జాతకం తెరిచింది. రెండు మూడు ఎర్రగీతలున్నాయి. నలుపు చుక్కయినా లేదు. ఆవిడ చాలాసేపు అతణ్ణి ఎగాదిగా చూసింది.

“ఊరంతా గోతిలో పడుంటే నువ్వొక్కడివే గట్టుమీద ఉన్నావోయ్. గురువారం పొద్దున వెళ్లిపోండి. ఆలస్యం చేస్తే నీ గట్టు కూడా కూలుతుందేమో.”

సాగిన్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు. వంటింట్లో భార్య నాజిరా ఆ మాట వింటూనే నూనెలోంచి బొర్సోకులు తీయడం మాని బొంతలు మడవడం మొదలుపెట్టింది. బొర్సోకులు కాస్త మాడాయి. ఆ రోజు వాళ్లకవి తియ్యగానే ఉన్నాయి.

అప్పుడు ఉమ్‌సునాయ్ వచ్చింది. సాగిన్ చెల్లెలు మీరిమ్‌ను తన కొడుక్కు చేసుకోబోతున్న ఆవిడ, ఓష్ బజారులో ఎండుపళ్లు అమ్ముతుంది. గిరాకీ గద్దించడానికి పనికొచ్చే గొంతు ఆవిడది. కాబోయే అత్తగారు వెళ్లి పిల్ల చెవులకు పోగులు పెడితే సంబంధం ఖాయమైనట్టు. ఆ పోగులు రుమాల్లో కట్టుకుని, ఏ రోజు పెట్టమంటారో అడగడానికి వచ్చింది. ఇంట్లో జ్యోతిష్కురాలు ఉండగా ఇంకొకరి దగ్గరికి వెళ్లడం మర్యాద కాదని ఆవిడ ఉద్దేశం.

పిల్లా పిల్లవాడి చక్రాలు ఒకదానిమీద ఒకటి వేసేసరికి తెర మీద టీ కెటిల్ అడుగు కనిపించింది. బురుల్చాకు అబద్ధం చెప్పడం రాదు, మెల్లగా చెప్పడం అంతకన్నా రాదు. “వదినగారూ, ఆ పోగులు పెట్టెలో దాచేయండి,” అంది. ఉమ్‌సునాయ్ మొహం కందిపోయింది. బురుల్చా ఆమెకు తేనె వేసిన టీ తేవడానికి లోపలికి వెళ్తూ చక్రాన్ని తెర మీంచి తప్పించమని అల్లుడికి చెప్పింది.

సాగిన్ తప్పించాడు. చక్రం వెనక ఇసిక్-కుల్ సరస్సు బొమ్మ ఉంది. పెళ్లయిన వేసవిలో అతను తీసిందే. నీళ్లు ఆకాశంతో పోటీపడేంత నీలంగా ఉన్నాయని అప్పట్లో ఊరంతా చూపించుకున్నాడు. ఇప్పుడా సరస్సు మడ్డిటీలా ఉంది. అతను సరస్సును చూశాడు, వెన్నరంగు తెరను చూశాడు, పొద్దున తాను చివరిదాకా తోసిన గీటు గుర్తొచ్చింది. ఆ కాంతి కళ్లను కాపాడేది నీలాన్ని మింగే. మింగాక నీలిగీత నల్లగా మిగులుతుంది. ఎవరి జాతకంలో ఎంత మంచి ఉంటే అంత నలుపు. తన జాతకంలో నీలమే లేదు గనక నలుపూ రాలేదు.

ఒక్క బటను నొక్కితే చెల్లెలి పెళ్లి నిలబడుతుంది, గురువారం కూలుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాగిన్ చెడ్డవాడు కాడు. కానీ జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటూ ఉంది. గురువారం సామాను దింపేసి, శుక్రవారం వచ్చి తెర బాగుచేస్తే రెండూ దక్కుతాయి కదా అని అతని బుర్ర అతనికి చెప్పింది. ఇలాంటి ఉపాయాలు చెప్పే బుర్రను ఎవరూ వెంటనే నమ్మకూడదు. అతను నమ్మాడు.

ఉమ్‌సునాయ్ టీ ముట్టకుండా గుమ్మంలో బూట్లు తొడుక్కుంటోంది. పొడుగు బూట్లు, వాపుకాళ్లు, ఆలస్యం అవుతోంది. ఆ వ్యవధిలో ఆమెను ఓదారుద్దామని సాగిన్ పక్కన గొంతుక్కూర్చుని అత్తగారి సాంకేతిక పద్ధతులు వివరించాడు. ఆవిడ ప్లాసిడస్ విభజన వాడుతుందనీ, వేరే విభజనైతే భావాలు జరుగుతాయనీ, రాహువుకు సగటు తీసుకుంటే కొంచెం తేడా వస్తుందనీ, అమరికలు మారితే గీతలూ మారొచ్చనీ, నాలుగు రోజులు ఆగమనీ చెప్పాడు. నిజానికి ఒక్క రంగు తప్ప అన్నీ చెప్పాడు.

ఉమ్‌సునాయ్ ఒక బూటుతో లేచి నిలబడింది.

“అంటే లెక్క ఆవిడ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుందన్నమాట. నా కొడుకు రాత ఆవిడ వేలి కింద ఉందా? మా సంబంధం నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా బాబూ, రాహువునెందుకు తిప్పడం?”

రెండో బూటు మెట్ల మీద తొడుక్కుంది. ఎండుపళ్ల వరసకు చేరేసరికి మాట పెరిగింది. బురుల్చా పిల్లతరఫు వాళ్లతో కుమ్మక్కై మీటలు తిప్పుతుందని ఖర్జూరాల దుకాణం విన్నది. సుగంధ ద్రవ్యాల వరసలో అది, డబ్బున్నవాళ్లకు నల్లగీతలు వేసి బెదిరిస్తుందని అయింది. మాంసం కొట్టు దగ్గర తోక్తోసున్ తన గొర్రెలను తిరిగి అమ్ముకోలేక తిట్టుకుంటూ ఉన్నాడు. అతని చెవిన పడేసరికి, ఎదురు భోజనశాలవాడు బురుల్చాను కొనేశాడని తేలింది. మధ్యాహ్నానికి తోక్తోసున్, అతని వెనక కొడుకు ఉద్యోగం ఆవిడ, ఆమె వెనక ఉమ్‌సునాయ్, ఇంకా జాతకమే చూపించుకోని కొందరు అపార్టుమెంటు మెట్లు ఎక్కుతున్నారు.

అంతకుముందే ఫోను మోగింది. ఊరినుంచి సాగిన్ తల్లి. ఆ అత్త రొట్టె తింటూ నోరు మూసుకుని కూర్చున్నావా, చెల్లెలి బతుకు బుగ్గిపాలవుతుంటే చూస్తూ ఊరుకున్నావా, నిన్ను కుక్కపిల్ల అని ఎవరన్నా అంటే ఇన్నాళ్లూ కొట్లాడాను, ఇక కొట్లాడను అని ఆవిడ ఒక్క గుక్కలో చెప్పింది. తర్వాత మీరిమ్ ఫోను తీసుకుంది. ఆ పిల్ల ఏడవడం లేదు, అదే అతనికి భరించరానిదైంది.

“నాలో అంత చెడు ఏముందన్నయ్యా? విన్నప్పటినుంచీ అద్దంలో చూసుకుంటున్నాను.”

సాగిన్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. లోపలికి వెళ్లి అత్తగారికి వెన్నరంగు, సరస్సు, గురువారం, గుమ్మం దగ్గర తాను వాగిన వాగుడు, ఏదీ దాచకుండా చెప్పాడు. బురుల్చా అరవలేదు. బడిలో లెక్క తప్పు చేసిన పిల్లల్ని చూసే చూపు ఒకటి ఆవిడ దగ్గర ఇంకా మిగిలి ఉంది, అది చూసింది. ఈలోగా తలుపు బాదుతున్నారు.

“తలుపు తీసే ముందు ఆ మౌస్ నీ వీపు వెనక పెట్టుకో. నేను దగ్గినప్పుడు నొక్కు,” అంది.

గది నిండిపోయింది. తోక్తోసున్ నోరు తెరవబోతే బురుల్చా చెయ్యెత్తి ఆపింది. పొద్దున్నించీ తన తెరకు ఎవరి దిష్టో తగిలిందనీ, అది ఎవరిదో తనకు తెలుసనీ, పేరు చెప్పి వాణ్ణి చిన్నబుచ్చననీ అంది. అంతలో సాగిన్ చెమటలు కక్కుతూ కంప్యూటర్ బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ ఎండిన దేవదారు రెమ్మ వెలిగించి, పొగను తెర చుట్టూ తిప్పుతూ పెదవులు కదిపింది. ఉమ్‌సునాయ్ కొడుకు చక్రం బొగ్గులా కనిపిస్తోంది. పొగ దట్టమైంది. బురుల్చా దగ్గింది. పొగకు అందరూ దగ్గారు. సాగిన్ కంగారుపడి నొక్కాడు.

వెన్నరంగు కరిగిపోయింది. నల్లగీతలన్నీ, చూస్తుండగానే, ఒక్కసారిగా నీలమయ్యాయి. ఉమ్‌సునాయ్ రుమాలు గుండెలకు హత్తుకుని కూలబడింది. తోక్తోసున్ తన చక్రం కూడా తెరిపించుకుని, నీలం చూసి, శుక్రవారం మొదటి గిన్నె ఈ ఇంటికే పంపుతానని ఒట్టు పెట్టుకున్నాడు. ప్లాసిడస్ మాట ఇంకెవరూ ఎత్తలేదు. చీకటిపడేలోగా పోగులు మీరిమ్ చెవులకెక్కాయి. రాహువును వేలితో తిప్పిందన్న బజారే బురుల్చా ఆకాశానికి వైద్యం చేసిందని చెప్పుకుంది.

అందరూ వెళ్లాక అత్తగారు కిటికీ తెరిచి పొగ వదిలింది. సాగిన్ బల్ల మీద తాళంచెవి వంక చూస్తూ నిలబడ్డాడు. తన చక్రం తెరుస్తుందని, నీలం లేదంటుందని, గురువారం పోతుందని అతనికి తెలుసు. దానికి సిద్ధపడే ఉన్నాడు. బురుల్చా తెరిచింది అతని చక్రం కాదు, తనది.

“ఇన్నేళ్లూ నువ్వు వెళ్తే నీకేమవుతుందో చూశాను. వెళ్తే నాకేమవుతుందో ఎన్నడూ చూసుకోలేదు,” అంది. తెర నిండా నీలమే. “గురువారం దాకా ఎందుకు? రేపే కదలండి.”

మర్నాడు సాగిన్ సామాను సర్దిన వేగం చూసి నాజిరాకే అనుమానం వచ్చింది. కొత్త ఇంట్లో తన చెప్పులు ముందు వరసలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. కోరుకున్నదే జరిగింది, కాకపోతే గెంటితే జరిగింది. అయినా ఇల్లు ఇల్లే కదా అనుకున్నాడు.

గురువారం తలుపు చప్పుడైంది. బురుల్చా ఒక చేత్తో కంప్యూటర్, ఇంకో చేత్తో బొంతలమూట పట్టుకుని నిలబడి ఉంది. ఆ నీలిగీతలను తీరిగ్గా మళ్లీ చూసుకుందట, అవన్నీ నాలుగో భావంలో ఉన్నాయట.

నాలుగో భావమంటే ఇల్లు మారడం.