అత్తగారి కోసం అల్లం

ఆ ఉదయం థామ్ వేసుకున్న పథకం చిన్నదే. ఆదివారం అత్తగారికి నువ్వుల నూనెలో కోడి వండి పెట్టాలి. ఆవిడ తిని మెత్తబడ్డాక, పెరట్లో ఇంకో నాలుగు కోళ్లు పెంచుకోనివ్వమని అడగాలి.

మెకాంగ్ నది తీరం నుంచి తైవాన్‌లోని ఈ వెల్లుల్లి పొలాల ఊరికి కోడలిగా వచ్చిన థామ్‌కి కోళ్ల పెంపకంలో చెయ్యి తిరిగింది. తూలిపోతున్న కోడిపిల్లను ఆమె అరచేతిలోకి తీసుకుందంటే అది బతికినట్టే. మామగారికి పొద్దస్తమానం టీ అరుగు దగ్గర కబుర్లే. అత్తగారు బీహువాకి మాత్రం పెరడు అద్దంలా ఉండాలి. "మూడంటే మూడే. నాలుగోది కనిపించిందా, అన్నీ కుండలోకే," అని మొదట్లోనే తేల్చేసింది. తిండి దగ్గరా అంతే పట్టింపు. థామ్ పొద్దున్నే ఉప్పులో ఊరిన తమ దేశపు చేపల ఊట సీసా మూత తీస్తే చాలు, ఆవిడ ముక్కు మూసుకుని వీధిలోకి వెళ్లి, కాలువ దగ్గర ఓకరించి గానీ లోపలికి రాదు.

థామ్ ఆ వంట ఎప్పుడూ చెయ్యలేదు. ఒకసారి చెడినా మళ్లీ వండొచ్చని కొట్లో సరుకులు ఎక్కువే తీసుకుంది.

"ఇంత ముదురు అల్లమా? ఇన్ని సీసాల నువ్వుల నూనె, బియ్యపు సారా! ఎవరికమ్మా?" అంది కొట్టు నడిపే అచున్. "మీ ఆయన ఇంకా చేపల ఓడ మీదే ఉన్నాడుగా?"

"ఆయన వెళ్లి ఎనిమిది నెలలు పిన్నీ. ఇవి అత్తయ్య కోసం. ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి."

"ఈ మధ్య ఆవిడ పొద్దున్నే కాలువ దగ్గర ఓకరిస్తుంటే చూశాన్లే."

"రోజూ అంతే పిన్నీ. ఒంట్లోకి కాస్త బలం రావాలిగా."

అచున్ ఇంకేమీ అడగలేదు. ఆవిడ ఏమీ అడగకుండా ఊరుకోవడం ఆ ఊళ్లో అరుదైన సంగతి.

మర్నాడు ఎదురింటావిడ ఒక పెట్టను తెచ్చి ప్రహరీ మీదుగా అందించింది. "బాగా మేపమ్మా, వేళకి పనికొస్తుంది. మీ అత్తతో అనకు." ఆ సాయంత్రం ఇంకొకరు, తెల్లారాక మరో ఇద్దరు అలాగే తెచ్చారు. తన చేతివాసి ఊరికి తెలిసిందని, పెంచిపెట్టమని ఇస్తున్నారని థామ్ పొంగిపోయింది. ఒక్కరినీ కాదనలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు పాక వెనక గంపల కింద దాచింది.

శనివారం ఉదయం గువాత్ అవ్వ నల్లకోడిని చంకలో పెట్టుకుని తిన్నగా వీధిగుమ్మంలోకే వచ్చింది. తలుపు తీసింది బీహువా.

"బాలింతకి పాలు పడాలంటే నల్లకోడే," అంది అవ్వ, కోడిని ఆవిడ చేతుల్లో పెడుతూ.

"మా ఇంట్లో బాలింతెవరు అవ్వా?"

అవ్వకి చెవుడు. బీహువా చెంప నిమిరి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నల్లకోడి అరుపుకి పాక వెనక గంపలన్నీ ఒక్కసారిగా బదులు పలికాయి.

"పెంచమని ఇచ్చారత్తయ్యా," అంది థామ్, పరుగెత్తుకొచ్చి. "ఇవన్నీ తిరిగి ఇచ్చేస్తాను. నా మూడింటినీ మాత్రం వదిలెయ్యండి."

బీహువా కోళ్లకేసి చూడటం లేదు. కోడలి ముఖంలోకి చూస్తోంది. "నాతో చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?"

థామ్ తల దించుకుంది. "రేపట్నుంచి చేపల ఊట పెరట్లో వాడుకుంటాను."

బీహువాకి ఆ జవాబు చాలింది, కోడలు దాచిందేమీ లేదు. పోట్లాటకి వెళ్తూ కూడా చెప్పులు సరిచూసుకుని, గడియ పెట్టి వెళ్లే మనిషి, ఆ రోజు తలుపు బార్లా వదిలేసి కోడలి చెయ్యి పట్టుకుని కొట్టుకి నడిచింది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు కూరలు ఏరుకుంటున్నారు.

"నా కోడలు దేశం కాని దేశం వచ్చి, మొగుడు ఓడ మీద ఉంటే నా ఇల్లు నిలబెడుతోంది," అంది నల్లకోడిని చంకలోంచి దించకుండానే. "నా కోడలి మీద నింద వేసిన నోరేదో ఇప్పుడు నా ముందు తెరవండి."

కూరలు ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"కోడలి మీద ఎవరన్నారక్కా?" అంది అచున్.

"మరి ఈ కోళ్లన్నీ ఎవరికి?"

"నీకే. ముదురు అల్లం, నువ్వుల నూనె, సారా నీ కోసమని నీ కోడలే కొంది, బాలింతకి పెట్టే కోడి వంటకేగా! మూడు నెలలు నిండకుండా పైకి అనకూడదు కదా, అందుకే అందరం నోరు కట్టుకుని ఉన్నాం." అచున్ గబగబా పీట జరిపింది. "యాభయ్యో ఏట మాటలా? ముందు కూర్చో అక్కా. ఆ బరువు ఇటివ్వు."

బీహువా కూర్చోలేదు. కాదు అని ఒక్క ముక్క చెప్పి, కోడితో సహా వెనుదిరిగింది. అంత గట్టిగా కాదనడంతో అక్కడున్నవాళ్లకి మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

అత్తాకోడళ్లు ఇంటికి చేరారు. గుమ్మం దగ్గర థామ్ మెల్లిగా అడిగింది. "అత్తయ్యా, రేపు నువ్వుల నూనెలో కోడి వండుదామనుకున్నాను..."

"ఆ వాసన మన వంటింట్లోంచి వచ్చిందో, నాకు పురుడు పోసినట్టే. ఒక్క ఈక రాలడానికి వీల్లేదు."

"మరి ఇవన్నీ?"

"గూడు కట్టు," అంది బీహువా, నల్లకోడిని కింద వదులుతూ. "పెద్దదే కట్టు."

ఆ పుకారు చల్లారడానికి నెల పైనే పట్టింది. ఎందుకంటే టీ అరుగు దగ్గర అందరూ భుజం తట్టి అభినందిస్తుంటే, మామగారు ఒక్కరికీ కాదని చెప్పలేదు.