గడ్డ గారి అటెండెంటు

క్యాన్సర్ మందు పరిశోధనలో చేర్చుకున్న రోజున ఆసుపత్రివాళ్ళు బొక్కా సత్యవేణి ఎడమ రొమ్ములోని గడ్డని పేషెంటుగా రాసుకుని, సత్యవేణికి అటెండెంటు పాసు ఇచ్చారు. పద్ధతి అదేనట. కొత్త మందు పనిచేయాల్సింది గడ్డ మీద, కొలవాల్సింది గడ్డని, కాబట్టి పేషెంటు గడ్డే. సత్యవేణి నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లుకునే మనిషి. యాభై ఏళ్ళొచ్చినా ఎవరికీ ఎదురుచెప్పి ఎరగదు. పేషెంటుకి ఈవిడేమవుతుందని కౌంటర్లో అడిగితే, మొగుడు సూర్రావు కాసేపు బుర్ర గోక్కుని, "ఒక ఇంట్లోనే ఉంటారండి" అని రాయించాడు.

మంచం గడ్డ పేరు మీద వచ్చింది. అటెండెంట్లు పేషెంటు మంచం మీద పడుకోరాదని గోడ మీద ఎర్రక్షరాలతో రాసుంది. నర్సమ్మ మంచిది కాబట్టి మధ్యేమార్గం చెప్పింది. ఒంటి ఎడమ సగం మంచం మీద, కుడి సగం స్టూలు మీద. పొద్దున్నే గుడ్డూ పాలూ గడ్డకొచ్చేవి. అది ముట్టకపోతే "పేషెంటుకి ఆకలి లేదు" అని రాసుకుని పట్టుకుపోయేవారు. సత్యవేణి కింద క్యాంటీన్లో ఇడ్లీ తినొచ్చేది. రౌండ్స్ వేళకి అటెండెంట్లంతా బయటికి పోవాలన్నారు కదాని ఒకరోజు బుద్ధిగా వెళ్ళి వరండాలో నిలబడింది. మంచం ఖాళీగా కనపడేసరికి డాక్టరుగారు మండిపడ్డారు, చెప్పాపెట్టకుండా పేషెంటుని ఎత్తుకుపోయిందని. ఆ రోజు నుంచి ఆవిడ లోపలే ఉండొచ్చని, నోరు మాత్రం విప్పకూడదని ప్రత్యేక అనుమతి వచ్చింది.

మందు గట్టిదే, ఉన్నమాట చెప్పుకోవాలి. గడ్డ నాలుగు సెంటీమీటర్ల నుంచి రెండుకి, రెండు నుంచి శనగగింజంతకి దిగింది. చుట్టాలు ఫోన్లు చేసి దాని ఆరోగ్యం కనుక్కునేవారు. ఈలోగా సత్యవేణి జుట్టంతా ఊడింది. "మీ చెప్పులకు మేము బాధ్యులం కాము" అన్న బోర్డు కింద "అటెండెంట్ల జుట్టుకు కూడా" అని ఒక ముక్క చేర్చారు. జుట్టుదేముంది, వానలు పడితే గడ్డి మొలిచినట్టు అదే మొలుస్తుందని ఆవిడ సర్దుకుంది.

చెయ్యి దగ్గరే సర్దుకోలేకపోయింది. మందుకి వేళ్ళు మొద్దుబారాయి. తర్వాత చేసిన ఆపరేషన్లో రొమ్ముతోపాటు చంక కింద గ్రంథులు కూడా తీసేశాక ఎడమ చెయ్యి దిండులా వాచింది. లేసు అల్లాలంటే ఎడమచేతి వేలికి దారం చుట్టుకుని బిగువు చూసుకోవాలి. ఇప్పుడు దారం ఉందో జారిందో తెలియడంలేదు. ముప్పై ఐదేళ్ళుగా కళ్ళు మూసుకుని అల్లిన పువ్వుకి ఒక రేకు తక్కువొచ్చిన రోజున సత్యవేణి కూర్చుని ఏడ్చింది. ఆ పని చేతకాకపోతే ఇక తనెందుకు ఉన్నట్టో ఆవిడకి అర్థం కాలేదు. పరిశోధన కాగితాల్లో ఎక్కడో ఒకచోట చెయ్యి సంగతి రాస్తే, దానికీ ఎవరో ఒకరు మందు వెతక్కపోతారా అని ఆశపడింది. కాగితాలు నింపే అనూరాధ మేడం దగ్గరికి వెళ్ళి, గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"నా చెయ్యి గురించి కూడా ఒక గడిలో రాయండమ్మా."

మేడం పాపం నూట పద్నాలుగు గడులూ ఓపిగ్గా తిరగేసింది. "రాయాలనే ఉందమ్మా," అంది బాధగా. "కానీ గడ్డకి చెయ్యి లేదు కదా."

ఏడాది తిరిగాక తుది పరీక్ష చేస్తే గడ్డ ఆనవాలు కూడా దొరకలేదు. పేషెంటు పోయిందని మిఠాయిలు పంచుకున్న ఆసుపత్రి అదొక్కటే అయుండాలి. సభ పెట్టి, గడ్డ పాత స్కానుకి చామంతి దండేశారు. ఇంతగా సహకరించిన పేషెంటుని తన సర్వీసులో చూడలేదని పెద్ద డాక్టరుగారు మైకులో చెప్పారు. దండ కనపడగానే అలవాటుకొద్దీ సూర్రావు కళ్ళొత్తుకున్నాడు. తర్వాత ఫైలు మూసేసి సత్యవేణి పాసు వెనక్కి తీసుకున్నారు.

అందరూ సంతోషంగా ఉన్నప్పుడే చెయ్యి చూపించుకుందామని ఆవిడ కౌంటరు దగ్గర నిలబడింది. గుమాస్తా త్రినాథరావు కంప్యూటరంతా గాలించి, పేషెంటు లేకుండా ఉత్త అటెండెంటుని చూడటం కుదరదన్నాడు. రూల్సు ఆయన రాసినవి కావు. నిజానికి సాయం చేద్దామని తాపత్రయపడే మనిషి.

"ఇంకో గడ్డేమైనా ఉందేమో చూసుకురండమ్మా. బఠాణీ గింజంత ఉన్నా చాలు, ఇవాళే చేర్చేసుకుంటాను."

బాత్రూం ముందు అప్పటికే ఆరుగురు ఆడవాళ్ళు వాచిన చేతులతో వరసలో ఉన్నారు. తన వంతు రాగానే సత్యవేణి గడియ పెట్టుకుని, కుడి రొమ్మూ రెండు చంకలూ మెడా తడుముకుంది. వేళ్ళు మొద్దుబారాయి కదా, సరిగ్గా తెలియలేదేమోనని ఆశగా రెండోసారీ తడుముకుంది. బయటికొచ్చి కౌంటరు ముందు తప్పు చేసినదానిలా తల దించుకుంది.

"ఏమీ లేదు బాబూ."

"దిగులు పడకండమ్మా," అన్నాడు త్రినాథరావు. "ఇంకా టైముంది. వస్తుంది లెండి."

"అంతా మీ నోటి చలవ బాబూ," అని, వాచిన చేతిని కుడిచేత్తో ఎత్తిపట్టుకుని సత్యవేణి బస్టాండు దారి పట్టింది.