కోళ్ల పడకగదికి లారీ ఇసుక

ఆ ఆదివారం ఉదయం, ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరట్లో, వలకంచె లోపల కోళ్లు తిరిగే నేల మీద ఇసుక పోయించడం, ఆ తర్వాత స్నానం, పేపరు, భోజనం, నిద్ర. ఈ చివరి నాలుగింట్లో ఆయనకు ఆ రోజు ఒక్కటీ దక్కలేదు.

పదిరోజుల వానకు ఆ చోటంతా బురదై, దాని వాసన మేడెక్కింది. అంతకుముందు సోమవారం, పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని దిగి వచ్చాడు.

"చూడండి సార్, ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ వస్తా. అప్పటికీ ఈ కంపు ఇలాగే ఉంటే కోళ్లని పంపించెయ్యాల్సిందే. ఇక మాటల్లేవు."

ఆ ఐదు కోళ్లనూ వంటింట్లో అట్టపెట్టెలో పెట్టి, బల్బు వెచ్చదనంలో పిల్లలప్పటి నుంచి సాకింది డ్రాఫ్ట్స్‌మన్ భార్య. మిగతా నాలుగింటినీ అదుపులో పెట్టే నల్లకోడికి హెడ్‌మిస్ట్రెస్ అని పేరు కూడా పెట్టింది. ఓనరు మెట్లెక్కగానే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎవరికిచ్చినా కూర వండేస్తారండీ. నా వల్ల కాదు, నేను ఇవ్వలేను."

"ఏడవకు. నేనున్నానుగా, నేను చూసుకుంటాను," అన్నాడాయన. ఆవిడకు అప్పుడు అసలైన భయం పట్టుకుంది.

భయపడ్డట్టే ఆయన నాలుగు రోజులు పట్టిక గీస్తూ కూర్చున్నాడు. ఎండుగడ్డి, రంపప్పొట్టు, ఇసుక, ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు. గడ్డి తడిస్తే బూజు పడుతుంది. పొట్టు దుమ్ము లేస్తే కోళ్లు తుమ్ముతాయి. ఇసుకైతే నీళ్లు కిందికి దిగిపోతాయి, రెట్టను జల్లెడతో ఏరిపారెయ్యొచ్చు.

"ఇసుకే మేలని నేను సోమవారమే చెప్పానుగా!" అంది భార్య.

"నువ్వు చెప్పింది అభిప్రాయం. ఇది నివేదిక."

శనివారం ఆయన ఏకంగా ప్లాను గీశాడు. కోళ్లు కూర్చునే కర్ర ఉన్నచోట 'పడకగది, ఐదుగురికి' అని రాశాడు. గుడ్లు పెట్టే పెట్టెలకు 'ప్రసూతి గది' అనీ, దుమ్ములో పొర్లాడే మూలకు 'స్నానాల గది' అనీ గౌరవంగా పేర్లు పెట్టాడు. అడుగున కుడిపక్క గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు. కట్టేది ఏమిటి, కొలతలు ఎంత అన్నది పైవాళ్లు సరేనన్నాకే ఆ గడిలో రాయాలి. ఇరవై రెండేళ్లుగా వాళ్ల ఆఫీసు పద్ధతి అది. ఇంట్లో పైవాళ్లంటే భార్యే. ఆవిడ అప్పుడు గిన్నెలు తోముతూ ఉంది. ఈలోగా ఆలస్యమవుతుందని ప్లానును ఫొటో తీసి, 'దీనికి సరిపడా ఇసుక పంపగలరు' అని ఇసుక డిపోకు పంపేశాడు.

ఆదివారం ఎనిమిదింటికి వీధి అదిరింది. భార్య బయటికి వచ్చి చూసేసరికి, లారీ నిండా తెచ్చిన ఇసుకను డ్రైవరు గేటుకు అడ్డంగా దించేశాడు. లోపల ఓనరు స్కూటరు ఇరుక్కుపోయింది.

"ఏంటిదంతా?" అంది ఆవిడ నోరు తెరిచి.

"ఇది మొదటి ట్రిప్పేనమ్మా. ఇంకా మూడున్నాయి. పునాదికి మేస్త్రీ కూడా వస్తున్నాడు, మా డిపో ఆయన బావమరిదే."

ఆ మాట అయ్యేలోపే మేస్త్రీ టేపు పట్టుకుని దిగాడు. గొడవకి ఓనరు కిందికి పరిగెత్తుకొచ్చాడు. మేస్త్రీ ఆయన చేతిలో ఫోను పెట్టి ప్లాను చూపించాడు.

"ఈ కింద ఉండే సార్‌ది. సొంతిల్లు కట్టుకుంటున్నారు. మంచిగానే గీశారు, కాకపోతే పడకగదిలో మంచాల్లేవు. ఐదుగురికీ కలిపి ఒక కర్ర పెట్టారు. కొత్త మోడలేమో."

"ప్రసూతి గది కూడానా!" అంటూ ఓనరు డ్రాఫ్ట్స్‌మన్ భార్య వంక కొత్త గౌరవంతో చూశాడు. ఆవిడకు యాభై దాటి రెండేళ్లయింది.

మరుక్షణం, వీళ్లు ఇల్లు ఖాళీ చేసేస్తారని తట్టి ఆయన ముఖం పాలిపోయింది. దానికి కారణముంది. ఓనరు నాలుగేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. మొదటి ఏడాదే ముగ్గురు అద్దెవాళ్లు ఖాళీ చేశారు. నిలబడింది వీళ్లొక్కరే. పైగా డ్రాఫ్ట్స్‌మన్ ఒకసారి మొహమాటానికి "బాగుందండీ" అన్నాడు కూడా. అలాంటి మనిషి మళ్లీ దొరకడని ఓనరుకు బాగా తెలుసు.

"ఏదో కోపంలో ఒక మాటంటే ఇల్లే కట్టేసుకుంటారా సార్?" అన్నాడు బతిమాలుతూ.

డ్రాఫ్ట్స్‌మన్ అప్పుడే పెరట్లోంచి వచ్చాడు. "అయ్యో, అది ఇల్లు కాదండీ, అది మా..."

"మీరు కాసేపు ఊరుకోండి," అని భార్య ఆయన్ను వెనక్కి నెట్టి ఓనరు వైపు తిరిగింది. "నా కోళ్లని పంపించెయ్యమంటే మేం మాత్రం ఏం చెయ్యాలి, మీరే చెప్పండి?"

"ఎవరు పంపించమన్నారమ్మా? ఉండనివ్వండి! ఇంకో ఐదు తెచ్చుకోండి! మీరిద్దరూ సాక్ష్యం," అన్నాడు ఓనరు డ్రైవరునీ మేస్త్రీనీ చూపిస్తూ.

ఆవిడ మిగతా ట్రిప్పులు వద్దని చెప్పి, ఓనరును తిన్నగా పెరట్లోకి తీసుకెళ్లి ఆ సొంతిల్లు చూపించింది. ఆయన వలకంచెనీ కర్రనీ ప్లానునీ మార్చి మార్చి చూశాడు. పడకగదిలోంచి హెడ్‌మిస్ట్రెస్ ఆయన్ను చూసింది.

"అంటే... మీరు వెళ్లిపోవట్లేదు?"

"లేదండీ."

ఓనరు హాయిగా నవ్వేసి, పంచె ఎగ్గట్టి, స్కూటరు బయటికి రావాలి కదా అని తనే పార అందుకున్నాడు. మధ్యాహ్నానికి కోళ్ల నేల మీద జానెడు ఎత్తు ఇసుక పడింది. మిగిలినది వీధి గుంతలన్నీ పూడ్చినా ఇంకా మిగిలింది. సాయంత్రం నాలుగింటికి కంపు లేదు. కోళ్లు ఇసుకలో రెక్కలు పరుచుకుని పొర్లుతుంటే భార్య గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంది, ఈసారి సంతోషంతో.

వారం తిరక్కుండానే ఓనరు మళ్లీ ఫిర్యాదు పట్టుకుని దిగాడు: తనకు పంపుతున్న గుడ్లు మరీ చిన్నవిగా ఉన్నాయట.