గోడ అవతలి సాంచ

పెనం మీద ఉప్పు వేగుతోంది. భాగీరథి గరిటెతో దాన్ని అటూ ఇటూ కదుపుతూ, తడి పోయి పలుకులు విడివడే దాకా ఆగి, దించి సీసాలోకి ఎత్తుకుంటోంది. ఆమె సూరత్ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, ఈ పని మాత్రం ఒక్క రోజు తప్పలేదు. బయట కళ్లు తెరవలేనంత ఎండ. లోపల ఉప్పు సాయంత్రానికల్లా మళ్లీ నీరు కారుతుంది. ఉప్పు అయ్యాక వెల్లుల్లి కారం దంచాలి, రొట్టెలు చేయాలి, భర్త పరుశురాంను ఇవాళైనా నిద్రపుచ్చాలి. చివరి పనే కష్టం. అతడు నిద్రపోయి ఎనిమిది రోజులైంది.

సూరత్ రావడానికి ముందు తెలుసుకోవలసినవన్నీ ఆమెకు ఫోనులోనే చెప్పారు. చెప్పింది పరుశురాం పెద్దనాన్న నర్సింగం. సూరత్‌లోని ఉధ్నా పేటలో ఇరవై ఆరేళ్లుగా సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్న మనిషి.

"ఎండ మస్తుగుంటదని మురువకు బిడ్డా. సముద్రం గాలికి బట్టలు ఆరయి. ఉప్పు రోజు ఏంచుకోవాలె. ఇక్కడోళ్లు పప్పుల బెల్లమేస్తరు, మొఖం ముడువకు. కార్ఖానా దిక్కు గోడకు గిన్నెలు పెట్టకు, అవే నడుసుకుంట వచ్చి కింద పడ్తయి. ఇగ సప్పుడంటవా, పది దినాలు తల పలుగుతది. పదకొండో దినం ఇనరాదు."

అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. వాళ్లదీ నర్సింగానిదీ కలిపి వరుసగా ఉన్న ఏడు గదులకూ వెనక గోడ ఒకటే, అదే కార్ఖానా గోడ. దాని అవతల నూట ఇరవై సాంచలు రాత్రింబగళ్లు ఆడేవి. ఇంట్లో మొగుడూ పెళ్లాలు సైగలతో మాట్లాడుకునేవారు. పదకొండో రోజున భాగీరథికి నిజంగానే ఆ చప్పుడు వినిపించడం మానేసింది. నర్సింగం చెప్పనిది ఒక్కటే, అది ఆగితే ఏమవుతుందన్నది. ఆయనకూ తెలియదు. దీపావళికి సాంచలు ఆగినా, అప్పుడు అందరూ ఊళ్లలో ఉండేవాళ్లు.

మార్చి నెలాఖరున కరోనా వచ్చి దేశమంతా మూసేశారు. సాంచలన్నీ ఒకేసారి ఆగాయి. ఆ మధ్యాహ్నం మగవాళ్లంతా గడపల్లోకి వచ్చి, ఎవరో తమ వస్తువు ఎత్తుకుపోయినట్టు ఆకాశం కేసి చూశారు. వీధి తెల్లటి ఎండలో కదలకుండా పడి ఉంది. కార్ఖానా రేకుల కప్పు మీద పావురం గోళ్లు గీసుకునే చప్పుడు వినిపించింది. పక్క గదిలో లలితమ్మ మొగుడు మంచినీళ్లు మింగిన గుటక కూడా వినిపించింది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకోవడం అలవాటైన మనుషులు, ఏడు గదుల్లోనూ, కళ్లు తెరుచుకుని ఆ గోడ వైపే తిరిగి పడుకున్నారు.

"ఎవలో ఊపిరి పీలుస్తున్నరు," అన్నాడు పరుశురాం.

"నువ్వే," అంది భాగీరథి.

"అంతకుముందు పీలుస్తలేనా?"

నాలుగో రోజుకు అతడు చాయ్‌లో కారం కలుపుకున్నాడు. ఆరో రోజుకు ఆమెను సాంచ నంబరుతో పిలిచాడు. గిట్లయితే పిచ్చెక్కుతది, ఊరికి పోదాం పట్టుండ్రి అని నర్సింగం పోరు పెట్టాడు. పరుశురాం మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆరేళ్లు ఎనిమిది మందితో ఒక గదిలో ఉండి, ఇప్పటికి ఈ గది దొరికి, భార్యను తెచ్చుకున్నాడు.

"తాళం చెయ్యి ఇచ్చి పోతె ఈ రూము మళ్ల మనది గాదు," అన్నాడు ఆమెతో. "నువ్వు ఊళ్లె, నేను ఎనిమిది మందిల. మళ్ల అదే కత."

ఆ ఉదయం ఉప్పు సీసా మూత పెట్టి, పరదా వెనక వంట మూలలో కూర్చుని, ఆమె చిన్న రోట్లో వెల్లుల్లి దంచడం మొదలుపెట్టింది. కాసేపటికి పరదా అవతల నుంచి ఒక కొత్త చప్పుడు వచ్చింది. గురక. ఆమె దంచడం ఆపింది. గురకా ఆగింది. మళ్లీ దంచింది, మళ్లీ వచ్చింది. వెల్లుల్లి గంధంలా అయిపోయాక కూడా ఆపడానికి ధైర్యం చాలలేదు. చివరికి తన రేకు పెట్టెను గోడకు ఆనించి, మీద పాత చీర మడిచి వేసి, రొట్టెల కర్రతో ఎడమ కొసన ఒకటి, కుడి కొసన రెండు కొడుతూ కూర్చుంది. టక్కు టకా, టక్కు టకా. భర్త నాలుగు గంటలు పడుకున్నాడు.

లేచి, "సాంచలు నడిసినయా?" అని అడిగాడు.

పెళ్లాం జోకొడితే పడుకున్నానని తెలిస్తే ఈ మనిషి వాకిట్లో తల ఎత్తుకోలేడు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

"లేదు. కల పడ్డదేమో."

"గంత మంచి కల నాకెందుకు పడ్తది," అన్నాడు పరుశురాం, గోడ వైపు చూస్తూ.

మరునాడు నల్లా దగ్గర ఏడు గదుల మగవాళ్లూ నిద్రపోయి లేచిన మొహాలతో నిలబడ్డారు. అందరికీ అదే కల పడింది. గోడ ఒకటే అన్న విషయం భాగీరథికి ఆలస్యంగా గుర్తొచ్చింది.

"కార్ఖానాకు తాళమున్నది. కరెంటు తీసేసిండ్రు," అన్నాడు నర్సింగం, మాస్కు గడ్డం కిందికి లాగి. "లోపల ఒక్కటే సాంచ నడుస్తున్నది. ఎడమ దెబ్బ జర బరువు పడ్తున్నది, ఇన్నరా? అది కనకయ్య సాంచ."

ఎడమ దెబ్బ బరువుగా పడడానికి కారణం పెట్టెలో ఆ వైపు బట్టలు లేకపోవడం. కనకయ్య ఎవరో భాగీరథికి తెలియదు. లలితమ్మ చెప్పింది. తొమ్మిదేళ్ల కింద, షిఫ్టు ఇంకో గంట ఉందనగా, సాంచ ముందే గుండె ఆగి చనిపోయాడట.

"పాపం, మిగిలిన గంట నింపుతున్నడు చెల్లె," అంది లలితమ్మ.

"గంట కాదు వదినె, నాలుగు గంటలాయె," అన్నాడు పరుశురాం.

"ఓవర్‌టైం," అన్నాడు నర్సింగం. ఆయన నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. భాగీరథి నోరు తెరిచింది కూడా. కానీ పక్కన పరుశురాం కళ్లు ఎనిమిది రోజుల తర్వాత తేటగా ఉన్నాయి. ఆమె బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పగలు కూడా కొట్టింది. ఆ మరునాడూ కొట్టింది.

ఏప్రిల్ అంతా అలాగే గడిచింది. మనుషులు భయపడుతూనే కడుపునిండా నిద్రపోయారు. గోడకు కుంకుమ బొట్లు వచ్చాయి, ఊదుబత్తులు వచ్చాయి. కనకయ్యకు చాయ్ ఇష్టమని నర్సింగం రోజూ పొద్దున గోడ వారగా ఒక గ్లాసు పెట్టేవాడు. మధ్యాహ్నానికి గ్లాసు ఖాళీగా ఉండేది. తాగింది భాగీరథి కాదు. పిల్లి అయి ఉంటుందని ఆమె అనుకునేది. ఆ వీధిలో పిల్లిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పై అంతస్తులో ఇంటి యజమాని దినేశ్‌భాయ్, ఆయన బా అని పిలిచే ముసలి తల్లి ఉండేవారు. చప్పుడు ఆయనకూ వినిపించింది. కార్ఖానా సేఠ్ దొంగతనంగా సాంచలు నడిపిస్తున్నాడని, పోలీసులు వస్తే వీధికి వీధే మూసేస్తారని ఆయన బెంగ. మూయకముందే తానే పోలీసులకు ఫోన్ చేశాడు. మాస్కులు పెట్టుకుని ఇద్దరు పోలీసులు వచ్చారు. తాళానికి సాలెగూడు కట్టి ఉంది. సేఠ్ మనిషిని పిలిపించి షట్టరు ఎత్తించారు. లోపల నూట ఇరవై సాంచలు దుమ్ము కప్పుకుని బారులు తీరి నిలబడి ఉన్నాయి. నేల మీద నెల రోజుల దుమ్ము, దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. ఆ ఇద్దరూ లోపలికి అడుగు పెట్టకుండానే షట్టరు దింపించి, వచ్చిన దానికంటే త్వరగా వెళ్లిపోయారు.

అంతవరకూ కనకయ్య అన్నది ఒక మాట. ఇప్పుడు పోలీసులు చూసిన మాట అయింది. సాయంత్రానికి నర్సింగం ఊరికి బస్సు మాట్లాడాడు. పర్మిషన్ చీటీ ఒక్క రోజుకే. ఎల్లుండి మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్ద రోడ్డు మీద బస్సు, రెండింటికల్లా జిల్లా దాటాలి.

"ఇగ నా మాట ఇను," అన్నాడు పరుశురాంతో. "సచ్చినోనితోని గోడ పంచుకుంటరా ఎవలన్న?"

పరుశురాం ఈసారి తల అడ్డంగా ఊపలేదు. భాగీరథి వైపు చూసి, మెల్లగా గిన్నెలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. మొగుణ్ని ఈ ఊళ్లో నిలబెట్టడానికి తాను మొదలుపెట్టిన చప్పుడే అతణ్ని ఊరి నుంచి పంపించేస్తోంది. ఆ రోజు నుంచి ఆమె కర్ర ముట్టలేదు. కొట్టడం మానేస్తే భయం పోతుందనుకుంది. కానీ రెండు పగళ్లు ఎవరికీ కునుకు పట్టలేదు, ఆ నిశ్శబ్దం మొదటిదాని కంటే బరువుగా ఉంది.

"కనకయ్య అలిగిండు," అంది లలితమ్మ.

బయలుదేరే రోజు పన్నెండున్నరకు అందరూ మూటలతో వసారాలో బారుగా కూర్చున్నారు. ఎండకు వాకిలి రాళ్లు మెరుస్తున్నాయి. ఎర్రబడ్డ కళ్లు, మాస్కులు. భాగీరథి లోపలికి వెళ్లి రొట్టెల కర్ర తెచ్చి కొంగు కింద పట్టుకుంది. మొగుడు తల ఎత్తుకోలేకపోతే పోనీ, గది అయినా నిలుస్తుంది. నవ్వితే నవ్వనీ.

"మామా, ఒక్క మాట చెప్పాలె."

"చెప్పు బిడ్డా."

"ఆ సప్పుడు ఉన్నది సూడుండ్రి, అది..."

టక్కు టకా. టక్కు టకా.

ఆమె కర్ర కొంగు కిందే ఉంది. పెట్టె తాళ్లతో బిగించి మూటల మధ్య ఉంది. పరుశురాం ఆమె మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. నర్సింగం సంచిలోంచి నిమ్మకాయ తీసి పిడికిట్లో బిగించాడు.

"లేవుండ్రి," అన్నాడు ఆయన. "జర జల్ది లేవుండ్రి. పోదాం..."

ఎవరూ లేవలేదు. భయం మనసుది, నిద్ర ఒంటిది. రెండు రోజుల నిద్ర కరువుతో ఉన్న ఒళ్లు మనసు మాట వినలేదు. ముందు పరుశురాం పట్టు వదులైంది, తల ఆమె భుజం మీదికి వాలింది. లలితమ్మ గోడకు ఆనుకుంది. ఆమె మొగుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురక పెట్టాడు. నర్సింగం "పోదాం" అన్న మాట రెండోసారి సగంలో వదిలేసి మూట మీదికి ఒరిగాడు. నిమ్మకాయ దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది. మెలకువగా మిగిలింది భాగీరథి ఒక్కతే. ఆమెకు ఈ ఊరు ఇంకా అంతగా ఒంటబట్టలేదు.

భర్త తలను మెల్లగా సంచి మీదికి మార్చి, ఆమె చప్పుడు వెంట నడిచింది. గోడ దగ్గర చెవి పెట్టింది. చప్పుడు గోడలోంచి రావడం లేదు, పైనుంచి వస్తోంది. మెట్లెక్కింది. పై గది తలుపు ఓరగా ఉంది.

లోపల దినేశ్‌భాయ్ నేల మీద కూర్చుని, బోర్లించిన పిండి డబ్బా మీద రొట్టెల కర్రతో కొడుతున్నాడు. మంచం మీద ఆయన తల్లి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆయన భాగీరథిని చూసి, ఆమె చేతిలోని కర్రను చూసి, కొట్టడం మాత్రం ఆపలేదు. తెలుగువాళ్లకు గదులు ఇచ్చీ ఇచ్చీ ఆయనకు కొంత తెలుగు వచ్చు.

"నువ్వా, బేన్?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనే. మా ఆయనకు నిద్ర పట్టక."

"మా బా నలభై ఏళ్ల నుంచి ఈ గోడ పక్కన పడుకుంటది. చప్పుడు వచ్చింది, బా పడుకుంది. నేను తెలివి ఉన్నవాడిలాగ పోలీసును పిలిచిన. చప్పుడు బంద్. రెండు రోజులు బా నన్ను తిట్టింది. ఇంక ఏం చెయ్యాలి?"

పెద్ద రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. ఇద్దరూ కిటికీ వైపు చూశారు. కింద నర్సింగం జేబులో ఫోను మోగి, మోగి, ఆగిపోయింది. హారన్ మళ్లీ మోగింది. దినేశ్‌భాయ్ మణికట్టు వణుకుతోంది. అరగంట నుంచి కొడుతున్నాడు, అలవాటు లేని చెయ్యి. ఆయన కర్ర పైకెత్తి అలాగే ఆగిపోయాడు. కింద ఎవరో కదిలి మూలిగారు.

భాగీరథి కూర్చుని, తన కర్రతో డబ్బా మీద దెబ్బ అందుకుంది. ఒక్క టక్కు కూడా తప్పిపోలేదు. కార్ఖానాలో షిఫ్టు మారేటప్పుడు సాంచను ఆపరు. దిగేవాడు చెయ్యి తీస్తుంటే ఎక్కేవాడు చెయ్యి వేస్తాడు. కింద మూలిగిన మనిషి మళ్లీ గురకలో పడ్డాడు.

మూడోసారి హారన్ చాలాసేపు మోగింది. తర్వాత ఇంజను చప్పుడు లేచి, రోడ్డు వెంట పోయి, ఎండలో కలిసిపోయింది. ఆమె మరో పది నిమిషాలు కొట్టింది. ఇక బస్సు వెనక్కి రాదని తేలాక, గది నిలిచిందని నమ్మకం కుదిరాక, చెయ్యి నొప్పి పెడుతుంటే కర్రను నేల మీద పెట్టింది. దినేశ్‌భాయ్ కర్ర అప్పటికే ఆయన కాలి దగ్గర పడి ఉంది.

టక్కు టకా. టక్కు టకా.

ఈసారి చప్పుడు కింది నుంచి వచ్చింది. గోడ అవతలి నుంచి. ఎడమ దెబ్బ కొంచెం బరువుగా పడుతోంది. మంచం మీద ముసలమ్మ నిద్రలోనే తృప్తిగా అటు తిరిగి పడుకుంది. నేల మీది రెండు కర్రలనూ ఇద్దరూ చూశారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

దినేశ్‌భాయ్ లేచాడు. చెప్పులు వేసుకోలేదు, మాస్కు పెట్టుకోలేదు. మెట్లు దిగి, నిద్రపోతున్న వాళ్ల కాళ్ల మధ్య నుంచి జాగ్రత్తగా నడిచి, ఒక్క మాట మాట్లాడకుండా ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

మూడో షిఫ్టుకు ఎక్కింది ఎవరో చూడాలన్న కుతూహలం ఆయనకు లేకపోయింది.